పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, జనరేటర్ గది పక్కన, పిల్లల కోసం చిన్న లైబ్రరీ ఒకటి నడుపుతున్నాం. ఆదివారాలు పొద్దున మాత్రమే తెరుస్తాం. పోయిన నెల అక్కడినుంచి ఒక ఇంటికి వెళ్లిన పుస్తకం మీద మా వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. కథ చిన్నదే. ఇటుక బట్టీలో పనిచేసే కుటుంబం, తాగొచ్చే నాన్న, బడి మానేసి చెల్లిని చూసుకునే ఒక పిల్ల. రెండో తరగతి చదివే బాబు దాన్ని తీసుకెళ్లాడు. ఆ రాత్రి వాళ్లమ్మ గ్రూపులో రాసింది: "పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ? ఇప్పుడిప్పుడే చదవడం మొదలుపెట్టాడు. జంతువుల కథలో, తెనాలి రామకృష్ణ కథలో ఇవ్వొచ్చు కదా." దాని కింద బొటనవేళ్లు వరసగా పడ్డాయి.

ఆవిడ మంచి మనిషి. లైబ్రరీకి అరలు చేయించి ఇచ్చింది ఆవిడే. అడిగిన ప్రశ్నలోనూ న్యాయం ఉంది. ఆరేడేళ్ల పిల్లాడి నెత్తిన ఎంత బరువు పెట్టొచ్చో అమ్మలు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? గ్రూపులో నేనేమీ రాయలేదు. అక్కడ నాలుగు లైన్లు దాటితే ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పిల్లలకి ముందు చదవడం వచ్చేయాలి, లోకం సంగతులు తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు అనే వరస మనకి బాగా అలవాటైపోయింది. ఆ వరసలో పెరిగిన పిల్లలకి పుస్తకం ఒక లోకం, వీధి ఇంకో లోకం. పెద్ద తరగతుల్లో సోషల్ పుస్తకంలోకి కులం, కూలి, కట్నం అన్నీ వస్తాయి కానీ, అప్పటికి అవి మార్కుల ప్రశ్నలుగా మారిపోయి ఉంటాయి. చదవడం మొదలయ్యే రోజుల్లోనే చుట్టూ ఉన్న మనుషులు, వాళ్ల పనులు, వాళ్ల గొడవలు పుస్తకంలోకి రావాలని నేను అనుకుంటాను. దీనికి వచ్చే అభ్యంతరాలు కొన్ని నాకే ఉన్నాయి.

జంతువుల కథలు ఇస్తే సరిపోతుందా

జంతువుల కథల్లో ఏ గొడవా ఉండదని అనుకుంటాం. పంచతంత్రం పుట్టిందే రాజనీతి నేర్పడానికి. బుద్ధి మందగించిన రాజకుమారులకి ఎవర్ని నమ్మాలో, ఎవర్ని విడదీయాలో, బలవంతుడి పక్కన బతకడం ఎలాగో చెప్పడానికి విష్ణుశర్మ ఆ కథలు చెప్పాడని ఆ పుస్తకమే మొదట్లో అంటుంది. సింహం, నక్క కాబట్టి మనకి అది లోకం గురించిన పాఠంలా కనపడదు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో శతకాలు నోటికి పట్టించేవాళ్లు. ఆడదాని నమ్మకాన్ని పాములతో చెలిమి పక్కన, వేపలో తియ్యదనం పక్కన పెట్టిన సుమతీ శతక పద్యం ఒకటి ఉంది. అర్థం తెలియకుండానే దాన్ని గడగడా అప్పజెప్పి బెల్లంముక్క సంపాదించుకున్నాను. ఆడపిల్లని నేనే, బెల్లం తిన్నదీ నేనే. ఇంత చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దలకి అలవాటైన అభిప్రాయం కాబట్టి అది వాళ్లకి అభిప్రాయంలా తోచలేదు.

వేమన సంగతి ఇంకా విచిత్రం. కులాన్ని, దొంగ గురువుల్ని, రాళ్లకి మొక్కడాన్ని వేమన ఎంత ఘాటుగా తిట్టాడో పూర్తి సంపుటం తిరగేసినవాళ్లకి తెలుసు. బడిపిల్లలకి దొరికే వేమన మాత్రం ఉప్పుకీ కప్పురానికీ తేడా చెప్పి, అనగననగ రాగం అతిశయిల్లుతుందని చెప్పి వెళ్లిపోయే నెమ్మదస్తుడు. ఎవరో కూర్చుని ఏరారు. ఏరినవాళ్లు చెడ్డవాళ్లని అనను, పిల్లల కోసమే ఏరారు. కానీ ఏరడం అంటూ జరిగాక, పిల్లల పుస్తకంలో సామాజిక విషయాలు ఉండాలా అక్కర్లేదా అన్న చర్చే లేదు. అవి మొదటినుంచీ ఉన్నాయి. మొదటి తరగతి వాచకంలో అమ్మ చేతిలో గరిటె, నాన్న చేతిలో పేపరు ఉన్న బొమ్మ కూడా సామాజిక విషయమే. మనకి ఇబ్బంది పెట్టేవి మాత్రం రాకుండా చూసుకున్నాం.

పగటి బడి, రాత్రి బడి

మాది నెల్లూరు జిల్లా. 1991లో అక్షరదీపం పేరుతో జిల్లా అంతా అక్షరాస్యత కార్యక్రమం మొదలైనప్పుడు నేను బడిపిల్లని. మా ఊరి బడి వరండాలో పగలు మేము, రాత్రి మా అమ్మలు, పెద్దమ్మలు. మేం వాడి వదిలేసిన సుద్దముక్కలే వాళ్లకి. మా పెద్దమ్మ పొలంనుంచి వచ్చి, వండి, అందరికీ పెట్టి, అప్పుడు పలక చంకన పెట్టుకుని బయల్దేరేది. "ఇంకేం, కలెక్టరు ఉజ్జోగం వచ్చినట్టే" అని పెదనాన్న వెక్కిరించేవాడు.

ఆ రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాకి ఎదురు నిలిచిన ఆడమనిషి కథ. తర్వాత కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు నిజంగానే సారాకొట్టు మూయించారు. ఆ సంగతి "ఆడవాళ్లు ఏకమైతే" అనే ఇంకో పాఠమై మిగతా ఊళ్లకి చేరింది. దూబగుంట రోశమ్మ పేరు జిల్లా దాటింది. 1992 కల్లా ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లు, కారం పట్టుకుని రోడ్డెక్కారు. నెల్లూరులో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఈ కథని "చూశారా, అక్షరం ఎంత పనిచేసిందో" అన్నట్టు చెప్పడం రివాజు. నాకు అది అంత తేలిగ్గా మింగుడుపడదు. సారా ఇంటిని ఎలా కూలుస్తుందో ఆ ఆడవాళ్లకి పుస్తకం వచ్చి చెప్పాలా? తెలంగాణలో చాకలి ఐలమ్మ వాచకం చదివి దొరకి ఎదురు తిరగలేదు. ఆ రోజుల్లో సంఘం మీటింగులు, బుర్రకథలు, పాటలు చేసిన పని ఏ పుస్తకమూ చేయలేదు. చదువు వస్తే చైతన్యం దానంతట అదే వస్తుందా అంటే అదీ లేదు. బీటెక్ చేసి, కట్నకానుకల లెక్క ఎక్సెల్ షీటులో వేసి చూపించిన పెళ్లివారు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఫార్ములాలు తప్పు లేకుండా పెట్టారు.

మరి ఆ పాఠం చేసిందేంటి? చాలా ఏళ్ల తర్వాత పెద్దమ్మని అడిగాను. "ఆ పాఠం మాకు కొత్త సంగతేం చెప్పలా. కాకపోతే మన ఇంటి రచ్చ అచ్చులో ఉండాదే, అది కొత్త. అచ్చులో ఉందంటే నా ఒక్కదాని కర్మ కాదు గదా." కాసేపాగి ఇంకో మాట అంది. "అయినా, రోజూ రాత్రి ఆడోళ్లంతా ఒక చోట కూర్చునేదానికి మొగోళ్లు ఒప్పుకున్నింది ఆ బడికే."

అక్షరాస్యత మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా చెప్పిన మాట దొరకలేదు. తెలిసిన బాధే, కానీ ఎవరింట్లో వాళ్లకి గుట్టు. అది అచ్చులో కనపడేసరికి గుట్టు పోయి ఊరి సంగతి అయింది. పక్కన కూర్చుని అదే పాఠం చదివిన మనిషి ఉంది కాబట్టి, పుస్తకం మూశాక మాట్లాడుకోవడానికి తోడు దొరికింది.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు వింతగా తోచేది ఇంకొకటి. రాత్రి అమ్మలు చదివే పుస్తకంలో మా ఊరు ఉంది. పగలు అదే వరండాలో మేం చదివిన పుస్తకంలో లేదు. సారా తాగి వచ్చేది మా నాన్నలే, దెబ్బలు తినేది మా అమ్మలే, మధ్యలో నిద్రలేచి మూలకి నక్కేది మేమే. మా వాచకంలో మాత్రం పూలతోట, బెలూన్లు, బుద్ధిమంతుడైన రాము. పిల్లలకి ఈ గొడవలు తెలియకూడదని అనుకున్నవాళ్లు ఏ పిల్లల గురించి అనుకున్నారో మరి.

వాచకం ఎవరి చేతిలో ఉంది

ఇక్కడ నా వాదనకి ఒక పెద్ద చిక్కు ఉంది. సీతమ్మ కథ ప్రభుత్వ కార్యక్రమంలో వచ్చిన పాఠం. అది ప్రభుత్వ ఆదాయానికే గండి కొట్టేదాకా వెళ్లేసరికి ఆ పాఠాన్ని పక్కన పెట్టారు. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇవాళ మా ఊళ్లో వైన్‌షాపు బడికి ఎంత దూరమో చెబితే నవ్వుతారు. పాఠం పెట్టే చెయ్యే పాఠం తీసేస్తుంది. రేపు ఇంకెవరో వచ్చి, "చైతన్యం" అని పేరు పెట్టి, తమ పార్టీ గొప్పలో, పక్క మతం మీద ద్వేషమో చిన్నపిల్లల పుస్తకంలో పెడితే? పెట్టరన్న నమ్మకం నాకైతే లేదు.

అందుకే నా ఆశ వాచకం మీద తక్కువ, అర మీద ఎక్కువ. వాచకం ఒక్కటే ఉంటుంది, దాంట్లో ఉన్నది పిల్లలకి వేదం. అరలో చాలా పుస్తకాలుంటాయి, ఒకటి చెప్పినదాన్ని ఇంకొకటి కాదంటుంది. నచ్చకపోతే మధ్యలో మూసేసి ఇంకోటి తీసుకోవచ్చు, పరీక్ష లేదు. రెండో తరగతి పిల్లకి కూడా "ఈ కథ బాలేదు" అనే హక్కు అక్కడ ఉంటుంది. ఆ హక్కు అలవాటు కావడం కూడా చైతన్యమే అంటాను.

"ముందు గుణింతాలు రానివ్వండి"

మా లైబ్రరీకి సాయం చేసే రిటైర్డ్ టీచరు గారిది వేరే అభ్యంతరం. "అమ్మా, అసలు చదవడమే రావట్లేదు. మీరు సమాజం దాకా వెళ్లిపోయారు." ఆయన మాట కొట్టిపారేయలేను. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 20.5 శాతం. 2024లో అది 27.1 శాతం అయింది. పెరిగినా, నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నట్టే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కుదురుకోవడానికే రెండేళ్లు పడుతుంది. ఒత్తు దగ్గర ఆగి వేలితో తడుముకునే పిల్లకి కథ మీద ధ్యాస ఎక్కడుంటుంది?

అంతవరకూ నిజమే. అయితే ఆ రెండేళ్లూ అల, వల, తల, పడవ అంటూనే కూర్చోవాలా? పిల్ల కూడబలుక్కునేది కూడబలుక్కుంటుంది, ఈలోగా పెద్దవాళ్లు చదివి వినిపించొచ్చు. చందమామ మన ఇళ్లలో అలాగే కదా తిరిగింది, చదవడం వచ్చినవాళ్లు ఒకరుంటే వినేవాళ్లు నలుగురు.

గొడవకి మూలమైన ఆ ఇటుక బట్టీ పుస్తకంతోనే అంతకుముందు ఒకటి జరిగింది. మా పక్క బిల్డింగు వాచ్‌మన్ కూతురు మూడో తరగతి. వాళ్లది పాలమూరు వైపు. చదవమంటే బల్ల కింద ఏదో వెతుక్కునే రకం. నేను చదివి వినిపిస్తుంటే బొమ్మ దగ్గర ఆపింది. "ఇటుకలు గిట్ల పేర్వరు ఆంటీ. నడుమ సందు ఇడవాలె. లేకుంటే మంట లోపలికి పోదు, కాలయి." బొమ్మ వేసినాయన ఇటుకల్ని గోడ కట్టినట్టు సందు లేకుండా పేర్చేశాడు. నేను అప్పటికి ఆ పుస్తకం చాలాసార్లు చదివినా అది నాకు తట్టే అవకాశమే లేదు. మిగతా పిల్లలు బట్టీ గురించి ఆ పిల్లని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. తర్వాత ఆ పుస్తకం తీసుకుని మూలన కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా వెళ్లింది. ఇంకేం తప్పులున్నాయో పట్టుకోవడానికి. గుణింతాలు వచ్చాక కథ అన్నారు మాస్టారు. కథలో తనకి పని ఉందని తెలిశాక ఆ పిల్ల గుణింతాల జోలికి వెళ్లింది.

ఒక్క పిల్లని చూపించి రూలు చేయకూడదని ఆయన అన్నారు. సరే.

ఆ అమ్మ అసలు భయం

గ్రూపులో ఆవిడ రాయని సంగతి ఒకటి తర్వాత లిఫ్టు దగ్గర చెప్పింది. కథ చదివాక బాబు అడిగాడట: "వాచ్‌మన్ అంకుల్ కూడా తాగుతాడా?" పడుకునే ముందు మళ్లీ అడిగాడట.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఈ ప్రశ్నే. నిద్ర పట్టకపోవడం కంటే పెద్ద సంగతి ఇది. పిల్లల పుస్తకాల్లో తాగే నాన్న దాదాపు ఎప్పుడూ కూలివాడే. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద శనివారం రాత్రి జరిగేది ఏ పిల్లల కథలోకీ రాదు. అలాంటి పుస్తకాలు వరసగా చదివిన ఫ్లాటు పిల్లాడికి వచ్చేది చైతన్యం కాదు, పేదవాళ్ల మీద అనుమానం. లేదా జాలి. జాలి కూడా పెద్ద తేడాగా ఏమీ ఉండదు, కాకపోతే చూడ్డానికి బాగుంటుంది.

స్వచ్ఛ భారత్ మీద బడుల్లో పెట్టే బొమ్మల పోటీలు చూడండి. మా పిల్లల బడిలో గోడ నిండా అంటించారు. చీపురు పట్టుకున్న పిల్లలు, చీపురు పట్టుకున్న గాంధీ తాత, నవ్వుతున్న చెత్తడబ్బా. రోజూ చీకటితో వచ్చి మా వీధి ఊడ్చే మున్సిపాలిటీ అమ్మ ఒక్క బొమ్మలోనూ లేదు. పిల్లలందరూ ఆవిడని రోజూ చూస్తారు. బొమ్మలో వేయాల్సిన మనిషి అని వాళ్లకి తోచలేదు, ఎందుకంటే వాళ్లు చదివిన ఏ పేజీలోనూ ఆవిడ మనిషిగా కనపడలేదు.

కాబట్టి ఆ అమ్మతో నేను సగం ఒప్పుకుంటాను. కష్టాన్ని పరిచేసి, చివర్లో ఏ దారీ చూపించకుండా వదిలేసే కథ ఆరేళ్ల పిల్లలకి వద్దు. కష్టపడే మనిషిని కష్టంగా మాత్రమే చూపించే కథ ఏ వయసుకీ వద్దు. ఆ ఇటుక బట్టీ పుస్తకంలో నాన్న తాగుతాడు, అమ్మ ఏడుస్తుంది, పిల్ల చెల్లిని ఎత్తుకుంటుంది, అంతే. వాళ్లు నవ్విన పేజీ ఒక్కటీ లేదు. ఇటుకలు సందు వదిలి పేర్చడం తెలిసిన మనుషుల కథ అది, ఆ తెలివి పుస్తకంలో ఎక్కడా లేదు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడి కూతురు బడిలో రూబీ బ్రిడ్జెస్ కథ చదివింది. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లపిల్లల బడికి మార్షళ్ల కాపలాతో నడిచివెళ్లిన ఆరేళ్ల నల్లపిల్ల. ఆ పుస్తకాలు చిన్నపిల్లలకి వద్దని అక్కడా కొన్ని చోట్ల తల్లిదండ్రులు గొడవ పెడుతున్నారు, ఆ రకంగా మా వాట్సాప్ గ్రూపు ఒంటరిది కాదు. వీడియో కాల్‌లో ఆ పిల్ల అడిగింది, "అత్తా, ఇండియాలో కూడా రూబీ ఉందా?" వారాంతపు తెలుగు క్లాసులో దానికి ఉగాది పచ్చడి గురించి చెప్పారు, సంక్రాంతి ముగ్గుల గురించి చెప్పారు. రూబీ గురించి తెలుగులో ఎవరూ చెప్పలేదు.

ఉన్నారని చెప్పాను. గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని దానిమీద విడిగా కూర్చున్న అంబేడ్కర్ ఉన్నాడు. బడిలో దాహమేస్తే కుళాయి తను ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. ఇది ఆయనే రాసుకున్నది. ఆరేళ్ల పిల్లలకి దాహం అంటే తెలుసు కాబట్టి, ఈ కథకి వివరణ అక్కర్లేదు. ముక్తా సాల్వే కూడా ఉంది. ఫూలే దంపతుల బడిలో మూడేళ్లు చదువుకున్న, మహారాష్ట్రలో అంటరానివాళ్లుగా చూసిన మాంగ్ కులపు పిల్ల. 1855లో, ఇంకా చిన్న వయసులోనే, మాంగు మహారుల దుఃఖం మీద వ్యాసం రాసింది. అది జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. మా మతం ఏదో చెప్పమని దేవుణ్ణే అడిగింది అందులో. చదవడం నేర్చుకున్న కొద్దికాలానికే ఒక పిల్ల రాసిన మాటలవి. ఇంత చిన్నవాళ్లకి అర్థం కాదు అనేవాళ్లు ఆ వ్యాసం ఒకసారి చదివితే బాగుండు.

ఇక పుస్తకాల సంగతి. మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ లాంటివాళ్ల దయవల్ల తెలుగులో పిల్లల పుస్తకాలకి మరీ కరువు లేదు. వాటిలో చాలావరకు అనువాదాలు. మనవాళ్ల బతుకులోంచి, మనవాళ్లే రాసినవి తక్కువ. హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి 2008లో డిఫరెంట్ టేల్స్ పేరుతో తెచ్చిన కథల్లో తలకాయ కూర వండుకునే ఇల్లు, దళితవాడ పిల్లలు పిల్లల పుస్తకంలోకి సిగ్గుపడకుండా వచ్చారు. అది జరిగి ఇన్నేళ్లయినా, ఆ దారిలో వచ్చిన పుస్తకాలు మా అరలో ఒక వరస నిండవు.

దూబగుంట మీద చిన్నపిల్లలు చదువుకునే బొమ్మల పుస్తకం కోసం వెతుకుతూనే ఉన్నాను. పెద్దవాళ్ల కోసం వ్యాసాలు బోలెడు దొరికాయి, అది మాత్రం దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. రాసి పెట్టుకున్న కథ ఉన్నా సరే, చేతిరాతలో అయినా పంపండి. పేజీకి రెండు మూడు వాక్యాలు మించకుండా, ఒత్తులు తక్కువగా. ఎక్కడో ఒక పేజీలో ఆ ఆడవాళ్లు నవ్వాలి. బొమ్మలు వేసేవాళ్లు మా దగ్గర ఉన్నారు, ఏదైనా బట్టీయో కొట్టో వేయాల్సి వస్తే సరిచూసే పిల్ల కూడా ఉంది.